క్రూజ్‌లో పిల్లలు కళ్ళ ముందు నుంచి పోకుండా ఎలా చూసుకోవాలి (వైజాగ్ నుంచి ఫ్యామిలీతో వెళ్ళేవాళ్ళకి)

క్రూజ్ టికెట్లు బుక్ చేసుకున్నారా, పిల్లలు కూడా వస్తున్నారా, అయితే సూట్‌కేసులు సర్దే ముందు ఒక పావుగంట ఇది చదవండి. మేం పోయినేడాది పదకొండు మందిమి వెళ్ళాం, ఏడుగురు పెద్దవాళ్ళం, నలుగురు పిల్లలు. ఏడుగురం ఉన్నాం, నలుగుర్ని చూసుకోలేమా అనుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా చిన్నోడు, ఐదేళ్ళ గుంటడు, కనపడలేదు. వాళ్ళ నాన్న దగ్గర ఉన్నాడని నేను, వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉన్నాడని మావారు, మా తోడికోడలు ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్ళిందని అత్తయ్యగారు, ఆవిడేమో నా పక్కనే ఉన్నాడని... ఇలా నలుగురం నలుగురి మీద పెట్టుకుని కూర్చున్నాం. పద్దెనిమిది నిమిషాలు వెతికాం. రెండు డెక్కుల కింద, అంటే షిప్పులో రెండు అంతస్తుల కింద, లిఫ్ట్ పక్కన సోఫాలో కూర్చుని ఏడుస్తున్నాడు, క్లీనింగ్ చేసే అబ్బాయి ఒకతను వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఊరుకోబెడుతున్నాడు. ఆ పద్దెనిమిది నిమిషాలూ నేను ఎటు తిరిగినా నాకు రెయిలింగ్, దాని అవతల నీళ్ళే కనిపించాయి. ఇంకో తల్లికి అది రాకూడదు, అందుకే రాస్తున్నాను.

ఇందులో చెప్పేవన్నీ ఒక్క పద్ధతి చుట్టూనే తిరుగుతాయి, ముందు దాన్ని పట్టుకోండి. ఏ టైములో అయినా ఒక్కో పిల్లకి ఒక్కరే బాధ్యత, ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసి ఉండాలి. చేతులు మారేటప్పుడు నోటితో చెప్పాలి. "బావగారూ, చిన్నోణ్ణి మీకు అప్పగిస్తున్నా", ఆయన "ఆ, నా దగ్గరున్నాడు" అనాలి. ఆయన ఆ మాట అనేదాకా మీరు కదలకూడదు. సైగలు, కళ్ళతో చూపించడాలు, "అక్కడే ఉన్నారుగా" అనుకోవడాలు పనికిరావు. మొదటి రోజు కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, మా మావయ్యగారు అయితే ఇదేం మిలటరీయా అన్నారు, ఆ రెండో రోజు తర్వాత ఆయనే అందరికంటే గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు.

బుక్ చేసేటప్పుడు

క్యాబిన్లు పక్కపక్కనే కావాలని అప్పుడే అడగండి, ఎక్కాక మారుస్తాం అంటారు కానీ షిప్పు నిండిపోతే వాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదు. తాతగారు వాళ్ళది ఒక డెక్, మనది ఇంకో డెక్ అయిందంటే పిల్లలు రోజంతా ఆ మెట్ల మీదే తిరుగుతారు.

బాల్కనీ రూమ్ గురించి నా మాట వింటారా, ఆరేళ్ళ లోపు పిల్లలుంటే వద్దు. కిటికీ రూమ్ తీసుకోండి, సముద్రం కనపడుతుంది, తెరుచుకోదు. షిప్పుల్లో రెయిలింగ్ కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలని అంతర్జాతీయ రూల్ ఉంది, అమెరికా పోర్టులకెళ్ళే పాసింజర్ షిప్పులకైతే 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెంటీమీటర్లు. నేల మీద నిలబడ్డ నాలుగేళ్ళ పిల్లకి అది సరిపోతుంది, కానీ బాల్కనీలో రెండు కుర్చీలు ఒక చిన్న టేబుల్ వేసి ఉంటాయి, కుర్చీ ఎక్కితే ఆ మీటరు కాస్తా ఏం మిగలదు. ఒకవేళ ఇప్పటికే బాల్కనీ బుక్ అయిపోయిందంటే, రూమ్‌లోకి వెళ్ళగానే సామాన్లు విప్పకముందే ఆ కుర్చీలు, టేబుల్ లోపలికి లాగేయండి, తలుపుకి పైన గడియ ఉందో లేదో చూడండి, లేకపోతే రూమ్ చూసే అతన్ని పిలిచి ఏం చెయ్యొచ్చో అడగండి. పెద్దవాళ్ళు ఒకరు బాల్కనీలో లేకుండా పిల్ల బాల్కనీలో ఉండకూడదు, స్నానానికి వెళ్తున్నా తలుపు లాక్ చేసే వెళ్ళాలి.

ఫోన్‌లో ఇంకో మూడు అడగండి, స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ ఉంటారా, కిడ్స్ క్లబ్‌లో (షిప్పు స్టాఫ్ పిల్లల్ని ఆడిస్తూ చూసుకునే చోటు) ఎన్నేళ్ళ నుంచి తీసుకుంటారు, పై బెర్త్‌కి అడ్డుగా పట్టీ ఉంటుందా. పై బెర్త్ మీద ఆరేళ్ళ లోపు వాళ్ళని పడుకోబెట్టొద్దు, షిప్పు ఊగినా ఊగకపోయినా.

ఇంటి దగ్గర ప్రాక్టీసు

ఇది చాలామంది వదిలేస్తారు, నిజానికి సగం పని ఇక్కడే అయిపోతుంది. మీ పిల్లని మీ నాన్న పేరేంటమ్మా అని అడిగి చూడండి, డాడీ అంటుంది. షిప్పులో డాడీలు వెయ్యిమంది ఉంటారు. అమ్మానాన్నల అసలు పేర్లు, ఇంటిపేరుతో సహా, నోటికి వచ్చేదాకా చెప్పించండి, పడుకునేటప్పుడు పాటలాగా చెప్పిస్తే నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.

తర్వాత, తప్పిపోతే ఏం చెయ్యాలి. "వెతుక్కుంటూ రావొద్దు, నువ్వెక్కడున్నావో అక్కడే ఆగిపో, అమ్మే వస్తుంది." పిల్లలకి ఇదే కష్టం, ఎందుకంటే భయమేస్తే పరిగెడతారు. యూనిఫామ్ వేసుకుని, చొక్కాకి పేరున్న బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్ళకి చెప్పాలని నేర్పండి, వాళ్ళు కూడా ఎక్కడికైనా రమ్మంటే రూముల వైపు కాదు, జనం ఉన్న చోటికి, రిసెప్షన్‌కి మాత్రమే వెళ్ళాలని చెప్పండి.

లిఫ్ట్ రూల్ మీ అపార్ట్‌మెంట్‌లోనే నేర్పొచ్చు. పిల్ల ఒక్కత్తే లిఫ్ట్‌లో ఉండగా తలుపులు మూసుకుపోయాయి అనుకోండి, తర్వాత ఎక్కడ ఆగితే అక్కడ దిగి లిఫ్ట్ ముందే నిలబడాలి, మళ్ళీ ఎక్కకూడదు. పెద్దవాళ్ళలో ఒకరు మొదటి చోటే ఉండాలి, ఇంకొకరు ఒక్కో ఫ్లోర్ చూసుకుంటూ వెళ్ళాలి. మా వాడు సరిగ్గా ఇక్కడే తప్పాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దిగాడు, అందుకే పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మేం నేర్పలేదు, వాడి తప్పు కాదు.

వెళ్ళే ముందు ఆదివారం ఒక సాయంత్రం ఆర్‌కే బీచ్‌కి వెళ్ళండి, ఆ జనంలో "నీకు అప్పగించా, నా దగ్గరున్నాడు" అనేది గంటసేపు చేసి చూడండి, ఎవరు మర్చిపోతున్నారో అక్కడే తెలిసిపోతుంది. పక్కనే కురుసుర సబ్‌మెరైన్ ఉందిగా, 2002 నుంచి మ్యూజియం చేశారు, లోపలికి తీసుకెళ్ళి చూపించండి, లోపల ఇరుకుగా ఉంటుంది, గుండ్రటి ద్వారాల్లోంచి కాలెత్తి దాటాలి. క్రూజ్ షిప్పు అంత ఇరుకుగా ఉండదు కానీ బయటి డెక్‌కి వెళ్ళే తలుపులకి అక్కడా గడపలుంటాయి, తలుపులు కూడా బరువు, గాలికి ధడేల్మని మూసుకుంటాయి. పిల్లల వేళ్ళు నలిగేది ఎక్కువగా అక్కడే. తలుపు పెద్దవాళ్ళే తియ్యాలి, పిల్లలు దాటేదాకా చేత్తో పట్టుకునే ఉండాలి, ఇది ఇంట్లోనే చెప్పేయండి.

ఎక్కే రోజు

2023 సెప్టెంబర్‌లో మన పోర్టులో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది కాబట్టి కూర్చోడానికి లోపల చోటుంది, కానీ లగేజీ, సెక్యూరిటీ చెకింగ్, ఆధార్ చూపించడాలు, ఫొటోలు, ఇలా అందరి చేతులూ ఖాళీ లేని టైమ్ అదే. ఇద్దర్ని కేవలం పిల్లల కోసం పెట్టండి, వాళ్ళ చేతుల్లో ఒక్క బ్యాగు కూడా ఉండకూడదు. కాగితాలన్నీ వేరే ఒకరి దగ్గర. పిల్లల ఆధార్ జిరాక్సులు రెండు సెట్లు, రెండు వేరు వేరు బ్యాగుల్లో.

ప్రతిరోజూ పొద్దున్న రూమ్ తలుపు దాటే ముందు పిల్లలందర్నీ నిలబెట్టి ఒక ఫొటో తియ్యండి, చెప్పులు కూడా కనపడేలా. ఏం డ్రెస్ వేసుకుందమ్మా అని ఎవరైనా అడిగితే ఆ కంగారులో మీకు గుర్తురాదు, నాకు రాలేదు, నీలం టీ షర్ట్ అని చెప్పాను, వాడు వేసుకున్నది పసుపు.

చేతికి రిస్ట్ బ్యాండ్ కట్టండి. ఫోన్ నంబర్ రాసి ఊరుకుంటే లాభం లేదు, డాల్ఫిన్స్ నోస్ వెనక్కి వెళ్ళిపోయాక ఇంకాసేపటికి సిగ్నల్ పోతుంది, తర్వాత షిప్పు వైఫై కొంటేనే. (ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోండి, లేకపోతే షిప్పు నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయి రోమింగ్ బిల్లు భారీగా వస్తుంది.) బ్యాండ్ లోపలి వైపు అమ్మ పేరు, నాన్న పేరు, మస్టర్ స్టేషన్ నంబర్ రాయండి, మస్టర్ స్టేషన్ అంటే ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు, మీ కార్డు మీదే ఉంటుంది. క్యాబిన్ నంబర్ మాత్రం రాయొద్దు, ఎవరి కంటపడితే వాళ్ళకి తెలిసిపోతుంది, అది పిల్లలకి నోటికి వస్తే చాలు.

బ్లూటూత్ ట్యాగ్‌లు పెడతామంటారా, పెట్టండి, తప్పులేదు, కానీ వాటిని నమ్ముకోకండి. అవి చుట్టుపక్కల ఫోన్లని, ఇంటర్నెట్‌ని ఆధారం చేసుకుని పనిచేస్తాయి, ఏ డెక్ మీద ఉన్నాడో చెప్పలేవు. జీపీఎస్ వాచ్ కూడా అంతే, షిప్పు అంతా ఇనుము, లోపలికి సిగ్నల్ సరిగ్గా రాదు. వాకీటాకీలు కూడా రెండు డెక్కుల అవతల గరగరమంటాయి.

మస్టర్ డ్రిల్

ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, ఏం చెయ్యాలో షిప్పు వాళ్ళు అందరితో చేయించే ప్రాక్టీసు ఇది, దీన్ని ఎగ్గొట్టి సెల్ఫీలు దిగేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా రాళ్ళకి తగిలి ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆ రోజు ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికి ఇంకా డ్రిల్ చెయ్యలేదు, అప్పటి రూల్ ప్రకారం 24 గంటల్లోపు చేస్తే చాలు. దాని తర్వాతే రూల్ మార్చారు, 2015 నుంచి షిప్పు బయలుదేరక ముందు లేదా బయలుదేరిన వెంటనే డ్రిల్ అయిపోవాలి. మనకి 2019 సెప్టెంబర్ 15 గుర్తుంది కదా, గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది, అందులో మన వైజాగ్ వాళ్ళూ ఉన్నారు, పసిపిల్లలూ ఉన్నారు. నీళ్ళ మీద లైఫ్ జాకెట్ గురించి ఎవరైనా చెప్తుంటే మనం చెవులు మూసుకోకూడదు.

డ్రిల్‌లో పిల్లలకి సైరన్ గుర్తుపట్టడం నేర్పండి, ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడుగు కూత. మా పెద్దది అది నోటితో ఊదుతూ తిరిగింది రెండు రోజులు, ఇక జన్మలో మర్చిపోదు. అక్కడే స్టాఫ్‌ని మూడు విషయాలు అడగండి. ఒకటి, పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఎక్కడుంది, రూమ్‌లోనా, మస్టర్ స్టేషన్‌లోనా. సైజులు బరువుని బట్టి ఉంటాయి, 15 కిలోల లోపు పసివాళ్ళది వేరు, 15 నుంచి 43 కిలోల దాకా పిల్లలది వేరు, ఆపైన పెద్దవాళ్ళది, పెద్దది వేసి తాడు బిగిస్తే సరిపోదు, నీళ్ళలో పిల్ల కిందికి జారిపోతుంది. కాబట్టి ఎక్కేముందు ఇంటి దగ్గర పిల్లల బరువు చూసుకుని రండి, మీ లెక్క పాతది అయ్యుంటుంది. రెండు, పిల్లలు కిడ్స్ క్లబ్‌లో ఉండగా సైరన్ మోగితే వాళ్ళని ఎవరు, ఎక్కడికి తీసుకొస్తారు. మూడు, అప్పుడు మనం క్లబ్‌కి పరిగెత్తాలా, స్టేషన్‌లోనే ఉండాలా. చాలా షిప్పుల్లో వాళ్ళే పిల్లల్ని మన స్టేషన్‌కి తెస్తారు, అది తెలియక మనం పైకి, వాళ్ళు కిందికి వెళ్తే మెట్ల మీద గందరగోళం.

స్విమ్మింగ్ పూల్

రెయిలింగ్ గురించి అందరూ భయపడతారు, భయపడాలి కూడా, కానీ పిల్లలు రోజూ గంటలు గంటలు ఉండేది పూల్ దగ్గర. చాలా షిప్పుల్లో లైఫ్‌గార్డ్ ఉండరు, మీ పిల్లల బాధ్యత మీదే అని బోర్డు మాత్రం ఉంటుంది. పూల్ చిన్నదే, కానీ షిప్పు కదులుతుంటే ఆ నీళ్ళకే అలలొస్తాయి, నిలబడ్డ పిల్ల కాళ్ళు తేలిపోతాయి.

మునిగిపోయే పిల్ల అరవదు. ఇది మనసులో గట్టిగా నాటుకోండి. సినిమాల్లోలాగా చేతులు ఊపడం, అమ్మా అని పిలవడం ఉండదు, నోరు నీళ్ళ మట్టానికి ఉంటే ఊపిరి తీసుకోడానికే చాలదు, ఇక అరుపెక్కడ. తల వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు నీళ్ళలో కిందికి నొక్కుతూ కనిపిస్తుంది, అది కూడా నిమిషం లోపే. పక్కన ఉన్నవాళ్ళు ఆడుకుంటోంది అనుకుంటారు.

అందుకని పూల్ దగ్గర డ్యూటీ వెయ్యండి. పావుగంట ఒకరు, పావుగంట ఇంకొకరు. డ్యూటీలో ఉన్న మనిషికి ఫోన్ ఉండదు, కబుర్లు ఉండవు, పకోడీ ప్లేటు ఉండదు, కళ్ళు నీళ్ళ మీదే. మేం ఒక ఎర్ర తువ్వాలు పెట్టుకున్నాం, ఎవరి మెడలో తువ్వాలు ఉంటే వాళ్ళది డ్యూటీ, అది తీసి ఇంకొకరి మెడలో వేసేదాకా దిగిపోవడానికి లేదు. ఐదేళ్ళ లోపు వాళ్ళకైతే ఒడ్డున కూర్చుని చూడటం కాదు, మీరూ నీళ్ళలోకి దిగాలి, చెయ్యి చాపితే అందాలి. గాలి ఊదే చేతి బెలూన్లు, రింగులు ఆటబొమ్మలే, వాటిని నమ్మి పిల్లని వదలొద్దు. వైజాగ్ పిల్లలు కదా, రుషికొండలో ఆడారు కదా అనుకోవద్దు, అక్కడ మీరు చెయ్యి పట్టుకునే ఉన్నారు.

కిడ్స్ క్లబ్, రాత్రిళ్ళు, పెద్ద పిల్లలు

క్లబ్‌లో దింపేటప్పుడు సంతకం, తీసుకెళ్ళేటప్పుడు సంతకం, ఎవరు తీసుకెళ్ళొచ్చో పేర్లు రాసివ్వాలి. పిల్లకీ మీకూ ఒక రహస్యమైన మాట పెట్టుకోండి, మా ఇంట్లో అది ఒక టిఫిన్ పేరు, "అమ్మ రమ్మంది" అని ఎవరొచ్చినా ఆ మాట చెప్తేనే కదలాలి. పదేళ్ళ పిల్లలు సొంతంగా వెళ్ళిపోయే సదుపాయం కొన్ని చోట్ల ఉంటుంది, దానికి నేను సంతకం పెట్టను.

ఇంకొకరి రూమ్‌లోకి వెళ్ళకూడదు, ఎవరి రూమ్ అయినా సరే, కొత్త ఫ్రెండ్‌దైనా, ఎంతో మంచిగా మాట్లాడే స్టాఫ్ అంకుల్ చూపిస్తానన్నా. ఇది చెప్పడానికి మొహమాటపడొద్దు. ఎవరైనా ఒంటి మీద చెయ్యేస్తే, బాగోలేనట్టు అనిపిస్తే, రహస్యంగా ఉంచమంటే వెంటనే అమ్మకి చెప్పాలి, అమ్మ తిట్టదు అని ముందే మాటివ్వండి. అలాంటిది జరిగితే షిప్పు సెక్యూరిటీ ఆఫీసర్‌ని పిలిపించి రాతపూర్వకంగా ఇవ్వండి, తీరానికి రాగానే 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

పదమూడు పద్నాలుగేళ్ళ వాళ్ళని గొలుసేసి కట్టలేం. వాళ్ళకి ఒక నోట్‌బుక్ పెట్టాం రూమ్ అద్దం ముందు, ఎక్కడికి వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో రాసి వెళ్ళాలి, గంటన్నరకోసారి మొహం చూపించాలి. రాత్రి పదికి రూమ్. చీకట్లో బయటి డెక్ మీదకి పెద్దవాళ్ళు లేకుండా ఎవరూ వెళ్ళరు, రెయిలింగ్ ఎక్కడం, దాని మీద కూర్చుని రీల్స్ తియ్యడం అనే మాటే లేదు, అదొక్క విషయంలో మా మరిది కొడుక్కి నేను గట్టిగానే చెప్పాను, తర్వాత సారీ కూడా చెప్పలేదు.

తిండి, ఒంట్లో బాగోలేకపోవడం గురించి చిన్నగా చెప్తాను. బఫేకి ముందు సబ్బుతో చేతులు కడిగించండి, షిప్పుల్లో వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగ్గా లొంగదు. షిప్పు ఊగి కడుపులో తిప్పితే బయట గాలి, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత చూపించడం, కొంచెం బిస్కెట్. మాత్రలు మీ పిల్లల డాక్టర్‌ని అడిగే పట్టుకెళ్ళండి, మనం బస్సు ప్రయాణాలకి వేసుకునే ప్రోమెథజీన్ రకం రెండేళ్ళ లోపు వాళ్ళకి ఇవ్వకూడదు.

కనపడకపోతే

ఐదు నిమిషాలు చూద్దాం, వచ్చేస్తుందిలే, ఇవి వద్దు. కనపడలేదు అనిపించిన నిమిషంలోనే పని మొదలుపెట్టండి. చివరిసారి చూసిన చోట ఒకరు కదలకుండా ఉండిపోవాలి. ఒకరు తిన్నగా పూల్‌కి పరిగెత్తాలి, ముందు నీళ్ళు, తర్వాతే ఆటలు, ఐస్‌క్రీమ్ కౌంటర్లు. ఒకరు రూమ్‌కి. ఒకరు దగ్గర్లో ఉన్న స్టాఫ్‌ని పట్టుకుని లేదా గోడ ఫోన్ ఎత్తి రిసెప్షన్‌కి చెప్పాలి: వయసు, డ్రెస్, చివర ఎక్కడ ఎన్నింటికి చూశాం, పొద్దున్న తీసిన ఫొటో. పేరు అడిగితే ఇంట్లో పిలిచే పేరు కూడా చెప్పండి, పిల్ల దానికే పలుకుతుంది. నలుగురూ నాలుగు వైపులా అరుస్తూ పరిగెత్తితే పిల్ల తిరిగొచ్చినా అక్కడ ఎవరూ ఉండరు, మేం చేసింది అదే. అనౌన్స్‌మెంట్ చేస్తే పరువు పోతుందని కొంతమంది ఆగుతారు, ఆగకండి.

ఎవరైనా నీళ్ళలో పడటం కళ్ళారా చూస్తే, గట్టిగా అరవాలి, దగ్గర్లో ఉన్న లైఫ్ రింగ్ విసరాలి, ఒక మనిషి వేలు ఆ వైపే చూపిస్తూ చూపు తిప్పకుండా నిలబడాలి, ఎందుకంటే అలల్లో తల ఒక్క క్షణం తప్పితే మళ్ళీ దొరకదు. వెనక దూకకూడదు. మిగతావాళ్ళు స్టాఫ్‌కి చెప్పాలి.

దిగేటప్పుడు

చెన్నైలోనో, తిరిగి వైజాగ్‌లోనో దిగే రోజు అందరికీ బద్ధకం, సామాన్ల ధ్యాస. గేట్ దాటే ముందు, టెర్మినల్ బయట, కార్లెక్కాక, మూడుసార్లు తలలు లెక్కపెట్టండి. మధ్యలో ఊళ్ళు చూడటానికి దిగినా ఇంతే, చిన్న బోట్లలో ఒడ్డుకి చేరుస్తారంటే ఒక్కో బోటులో ఎవరెవరు అన్నది ఎక్కకముందే చెప్పుకోండి. మేం మూడు కార్లలో ఇంటికి బయలుదేరాం, పిల్లలు ఏ కారులో ఎక్కుతామంటే ఆ కారులో ఎక్కేశారు. అందుకే ప్రతి కారు నుంచి ఒకరు కిటికీలోంచి తల బయటపెట్టి, నా దగ్గర ఇద్దరు, నా దగ్గర ఒకరు, నా దగ్గర ఒకరు అని పేర్లతో అరిచాక, అప్పుడు మా మావయ్యగారు డ్రైవర్లని బండి తియ్యమన్నారు.